ఎర్ర టేపు మీద నిలబడ్డ పిల్ల

సగం కంచం అన్న కంచంలోకి నెట్టేశావు. చూశాను బుజ్జీ. నాన్న చూడలేదనుకున్నావా? ఈ ఇంట్లో ఏదైనా చూడకుండా ఉండాలంటే కళ్ళు మూసుకోవాల్సిందే. ఉన్నదే ఒక్క గది.

నువ్వు నవ్వకురా చిన్నోడా. ఎక్కువ వచ్చిందని గుటుక్కున మింగేశావు గానీ, ఎందుకొచ్చిందని ఒక్క మాట అడిగావా?

నిన్న స్కూలు నుంచి నీ క్లాసు ఫోటో వచ్చింది. వీడు దాన్ని చూసి ఏమన్నాడో వంటమూలలోంచి విన్నాను. "ఏంటే, చివర్లో లారీ ఆపారా?" అన్నాడు. నువ్వూ నవ్వావు. ఆ నవ్వు నాకు తెలుసు తల్లీ. నోటితో నవ్వుతూ కళ్ళతో ఒళ్ళు కొలుచుకునే నవ్వు. సాయంత్రం పాలు వద్దన్నావు. పొద్దున్నే ఇదిగో, ఇది.

అందుకే కూర్చోమన్నాను. అమ్మ డ్యూటీ నుంచి నాలుగింటికి గానీ రాదు. పదకొండింటికి అక్క ఫోన్ చేస్తుంది, ప్రతి ఆదివారంలాగే. వీడి ఫోన్‌కి. మీ ఇద్దరి కోసం. ఈలోగా మీకొక కథ చెప్పాలి. ఇన్నేళ్ళూ మీ చెవిన పడని కథ. పడకుండా కాపలా కాసింది నేనే.

ఆటలు తర్వాత. బయట వాన చూడు, ఎక్కడికి పోతారు?

పొద్దున లేవగానే అడిగావుగా, గోడ పొడుగునా ఈ తాడేమిటి, తాడుకి తొమ్మిది బంతులు వేలాడటమేమిటి, నాన్నకేమైనా పిచ్చి పట్టిందా అని. ఇప్పుడు కాదులే. పట్టి చాలా ఏళ్ళయింది.

ఒక షరతు. ఈ కథలో ఒక తండ్రి ఉంటాడు. అతనెవరని అడగొద్దు. ఆఁ, తెలుసు, "నువ్వే కదా నాన్నా" అంటావు. నేనే. అయినా సరే "అతను" అనే చెప్తాను. అతను అంటే నోరు తిరుగుతుంది. "నేను" అంటే తిరగదు. సరేనా?

అనగనగా ఒక తండ్రి. బంతుల ఫ్యాక్టరీలో చెకింగు పని. ఏం చెకింగంటావా? చేతిలో ఒక ఇనుప రింగు ఉంటుంది. బెల్టు మీద బంతులొస్తుంటాయి. ఒక్కోటి తీసి రింగులో వేయాలి. జారితే మంచిది. ఇరుక్కుంటే వంకరది, పక్క డబ్బాలో పారేయాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. వంకరను పట్టుకోవడంలో ఆ పెద్దమనిషిని మించినవాడు లేడని పేరు. ఆ పేరుకి ఉబ్బిపోయేవాడు కూడా.

ముగ్గురు పిల్లలు. పెద్దదానికి పదమూడేళ్ళు, మధ్యవాడికి అయిదు, చిన్నదానికి రెండు. అవును, మీరే. ఊఁ కొట్టండి, ప్రశ్నలు తర్వాత.

వాళ్ళు తమవాళ్ళనందర్నీ వదిలి చాలా దూరం వచ్చి బతుకుతున్నారు. బయల్దేరేటప్పుడు అతని తల్లి, మీ నానమ్మ, గుమ్మంలో నిలబడి ఒక మాట అంది. "వెళ్తే వెళ్ళు గానీ, పరాయిచోట పిల్లల్ని ఎండబెట్టి చంపుతావురా." ఆ మాట అతనికి చెప్పులో రాయిలా ఉండిపోయింది. "నెలనెలా ఫోటో పంపిస్తానమ్మా, ఎండారో పండారో నీ కళ్ళతో నువ్వే చూద్దువు" అని వచ్చేశాడు.

మాటంటే మాటే. పనిలో తోటివాడి దగ్గర పాత కెమెరా కొన్నాడు. వెండి రంగు డబ్బా. "గది ఎంత ఇరుకైనా మొత్తం పట్టేస్తుంది, గోడకి వీపు ఆనించి నొక్కడమే" అని వాడు ఊరించాడు. ఇదిగో, ఇదే. పట్టుకో. బరువుందా? ఉంటుంది.

మామూలు మనిషైతే పిల్లల్ని నిలబెట్టి ఒక ఫోటో తీసి పంపించేవాడు. ఇతను చెకింగు మనిషాయె! పోయిన నెలకీ ఈ నెలకీ ఎంత పెరిగారో తేడా తెలియాలంటే అదే గోడ, అదే చోటు, అదే దూరం ఉండాలన్నాడు. నేల మీద మూడు టేపు ముక్కలు అతికించాడు. ఎడమ చివర చిన్నదానికి నీలం, మధ్యలో వాడికి పసుపు, కుడి చివర పెద్దదానికి ఎరుపు. చిన్న, మధ్య, పెద్ద, మెట్లు కట్టినట్టు. గోడ మీద పెన్సిలు గీతలు. కాళ్ళ దగ్గర టేపు, తల దగ్గర గీత, రెండూ ఫోటోలో పడాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం, పొద్దున పదింటికి, కిటికీ వెలుతురులో.

ఆ టేపుల మరకలేరా అవి. చాప కింద ఉన్నవి. నువ్వు రంగనుకుని గోకేవాడివి.

ఇప్పుడు ఈ గది చూడండి. పొడుగ్గా ఉంది గానీ వెడల్పేముంది? ఆ గోడకి పిల్లలు, ఈ గోడకి బీరువా. మధ్యలో ఆరడుగులు. ఆ పెద్దమనిషి బీరువాకి వీపు ఆనించి నిలబడేవాడు. బీరువా పిడి సరిగ్గా వెన్నులో గుచ్చుకునేది. ఇంకో అడుగు వెనక్కి వేద్దామంటే చోటేదీ? అందుకని కెమెరాని ఎంత విశాలంగా పట్టగలదో అంత విశాలంగా తిప్పేవాడు. ముగ్గురూ కాళ్ళ నుంచి తలల దాకా పడేవాళ్ళు. నొక్కేవాడు. మురిసిపోయేవాడు. పంపేవాడు.

మీ బాబాయి వాటిని అక్కడ కాయితం మీద తీయించి నానమ్మకి ఇచ్చేవాడు. సాయంత్రం ఫోన్. స్పీకర్లో. గది ఒక్కటే కదా, అందరూ వినాల్సిందే.

"చిన్నది ముద్దొస్తోందిరా, బుగ్గలు చూడు!" నిజమే, నువ్వు కూడా చివరే ఉన్నావు, నీ బుగ్గలూ సాగాయి. రెండేళ్ళ పిల్లకి సాగితే ముద్దు. పదమూడేళ్ళ పిల్లకి సాగితే?

"పెద్దదానికేమిట్రా, తలకాయ ఒక పక్కకి గుమ్మడికాయలా లాగింది? ఆ భుజాలు గుమ్మంలో పట్టేలా లేవు. చిన్నవాళ్ళ నోళ్ళు కొట్టి దానికే మేపుతున్నారా?"

వెనకాల నుంచి మీ బాబాయి. "అది పిల్ల కాదమ్మా, తలుపు!"

అందరూ నవ్వారు. అక్కడ వాళ్ళు, ఇక్కడ అతను. పెద్దమనిషి కదా, తమ్ముడు వేసిన జోకుకి నవ్వకపోతే బాగుండదు. ఆ తర్వాత ప్రతి ఫోన్‌లోనూ అదే. "తలుపు బాగుందా? గడియ వేశారా?"

ఇంటావిడ మాత్రం మొదటి నెలే చెప్పింది. ఎవరంటావేంట్రా, మీ అమ్మే. చీపురు చేత్తో పట్టుకుని ఫోటో చూసి, "పిల్ల నిక్షేపంలా ఉంది, నీ డబ్బాయే వంకరగా ఉంది" అంది. అతనికి ఒళ్ళు మండింది. "రోజుకి నాలుగు వేల బంతులు చూసేవాణ్ణి, వంకరంటే ఏమిటో నువ్వు చెప్పాలా నాకు?" అన్నాడు. ఆవిడ చీపురు ఒక మూల కొట్టి వెళ్ళిపోయింది.

పెద్దది అన్నీ వింటుండేది. ఫోటో పంపేముందు కంప్యూటరు దగ్గరకొచ్చి చూసేది. ఒక ఆదివారం మెల్లగా అడిగింది. "నేను ఇలాగే ఉన్నానా నాన్నా?"

ఏం చెప్పాలి చెప్పు? "కాదమ్మా, నువ్వు చక్కగా ఉన్నావు" అంటే నోరు నొప్పి పుడుతుందా? ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "కొలత కొలతే తల్లీ. బాధపడితే మారదు."

ఇంకోసారి అది కిటికీ దగ్గర నిలబడి జడ అల్లుకుంటోంది. "తలుపమ్మా, కాస్త జరుగు, వెలుతురు రానీ" అన్నాడు. తనే అన్నాడు. తమ్ముడు కాదు. సగం జడ చేత్తో పట్టుకుని జరిగింది. అప్పుడు జరగడం మొదలుపెట్టిన పిల్ల, ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

ఉండు, నీళ్ళు తాగుతాను.

తర్వాత ఏమైందంటే, పెద్దది కంచంలో వదిలేయడం మొదలుపెట్టింది. మొదట ముద్ద, తర్వాత పావు, తర్వాత సగం. "స్కూల్లో తిన్నాను" అనేది. వేసవిలో కూడా పెద్ద కోటు వేసుకునేది. అడిగితే "చలి" అనేది. వదిలిందంతా ఎక్కడికి పోయేదంటావా? ఆ పక్కన కూర్చున్న వీడి కంచంలోకి. అప్పుడు వీడికి ఆరేళ్ళు. నీ తప్పు కాదురా, నీకేం తెలుసు? కంచంలో పడింది తిన్నావు. పొద్దున మళ్ళీ అదే చూశాను కదా, గ్లాసు పక్కన పెట్టి మిమ్మల్ని కూర్చోబెట్టాను.

అలా రెండేళ్ళు గడిచాయి. ఇరవై నాలుగు ఫోటోలు.

అప్పుడు ఫ్యాక్టరీలో ఒక సంగతి జరిగింది. రెండు రోజులుగా అతని పక్క డబ్బా నిండిపోతోంది. ఏ బంతి వేసినా ఇరుక్కుంటోంది. "ఈ వారం అన్నీ వంకరవే చేస్తున్నారు, కళ్ళు మూసుకుని చేస్తున్నారా?" అని అవతలి లైను వాళ్ళని తిట్టి పోశాడు. వాళ్ళూ ఊరుకోలేదులే. పెద్ద రభస. చివరికి లైను సూపర్‌వైజరు వచ్చింది. పెద్దావిడ, మెడలో కళ్ళజోడు తాడు. బంతిని చూడలేదు. అతని చేతిలో రింగు తీసుకుని బల్ల మీద పెట్టి వేలితో ఒక చివర నొక్కింది. టక్ మని రెండో చివర లేచింది. ఎప్పుడో కింద పడి ఎవరి బూటు కిందో నలిగి ఉంటుంది, కంటికి తెలియనంత వంకర.

"ముందు రింగు చూసుకోవయ్యా. తర్వాత బంతిని తిడుదువు గానీ" అంది. అందరూ చూస్తుండగా.

ఆ మాటకి అతనికి సిగ్గేయాలి కదా? వేయలేదు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ బంతులు గుర్తు రాలేదు. నేల మీది ఎర్ర టేపు గుర్తొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టాడు. ఇంటావిడ పనికి, పిల్లలు స్కూలుకి, నువ్వు పక్కింటి పెద్దమ్మ దగ్గరికి. ఒక్కడే. పారేసిన డబ్బాలోంచి ఏరి తెచ్చిన తొమ్మిది బంతులు. తొమ్మిదీ కొత్త రింగులో వేసి చూసినవే, ఒక్కటీ వంకర లేదు. బట్టలారేసే తాడు ఈ గోడ పొడుగునా కట్టాడు, పెద్దదాని తల ఎత్తులో. ఒక్కో బంతిని దారంతో వేలాడదీశాడు. బీరువాకి వీపు ఆనించాడు. పిడి గుచ్చుకుంది. ఎప్పట్లాగే నొక్కాడు.

లే బుజ్జీ. నా మాట నమ్మొద్దు. నా మాట నమ్మినవాళ్ళు ఏమయ్యారో ఇంకా చెప్పలేదు. నువ్వే తియ్యి. బీరువాకి ఆనుకో. ఆ చక్రం పూర్తిగా ఇటు తిప్పు. బంతులన్నీ పడుతున్నాయా? నొక్కు.

తెర చూడు. ఇద్దరూ చూడండి.

మధ్య బంతి ఎలా ఉంది? గుండ్రంగా. దాని పక్కది? గుండ్రమే. ఇటు రా. ఇంకొంచెం ఇటు. ఇదేమిటి? సాగింది కదూ? మరి ఆ చివరిది? కోడిగుడ్డు. పక్కకి పడుకోబెట్టిన కోడిగుడ్డు. ఇప్పుడు తల ఎత్తి గోడ వైపు చూడు. ఆ బంతి వంకరగా ఉందా? వెళ్ళి చేత్తో పట్టుకో. తిప్పు. ఎటు తిప్పినా గుండ్రమే కదా?

అంతే తల్లీ. చోటు లేక దగ్గర నుంచి అంతా ఒక్కసారే పట్టాలని చూస్తే, చివర్లో ఉన్నవాళ్ళని కెమెరా బయటికి లాగుతుంది. పైమూలకి పోయేకొద్దీ మరీ. పొడుగ్గా ఉన్న పిల్ల తల సరిగ్గా ఆ మూలకే పోతుంది. అదేమంత బ్రహ్మవిద్య కాదు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, జూముతో దగ్గరికి లాగి తీస్తే సరి. మనిషి మనిషిలాగే పడుతుంది. మీ స్కూలు ఫోటో ఎక్కడ తీశారు? ఆ ఇరుకు నడవాలో కదా? నలభై మంది. ఫోటోగ్రాఫరు వీపు గోడకి ఆని ఉంటుంది. నువ్వు వరస చివర. నీ పక్క పిల్ల చేయి చూడు, అది కూడా సాగింది. అవతలి చివర ఆ కళ్ళజోడు పిల్లాణ్ణి చూడు, వాడి చెవి చూడు! ఆఁ, ఇప్పుడు నవ్వు. ఆ నవ్వు పరవాలేదు.

కథ అయిపోలేదురా. ఇక్కడితో అయిపోయి ఉంటే ఇన్నేళ్ళు దాచేవాణ్ణా?

ఆ చివరి బంతి వేలాడుతున్న చోటు కింద ఏముందో చూశాడు ఆ పెద్దమనిషి. ఎర్ర టేపు. మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. ఇరవై నాలుగు ఫోటోలూ మళ్ళీ తెరిచాడు. ప్రతిదాన్లోనూ మధ్యలో వీడు బొమ్మలా ఉన్నాడు. కుడి చివర ఆ పిల్ల. అది చేసిన పాపమేమిటి? పొడుగ్గా పుట్టడం.

సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే పిలిచి, "ఇలా కూర్చో తల్లీ, తప్పు నాది" అనాలి కదా? ఈ బంతులు ఇలాగే ఉంచి, ఇలాగే చూపించాలి కదా? తాడు విప్పేశాడు. బంతులు డబ్బాలో పోశాడు. డబ్బా బీరువా మీద పెట్టాడు.

ఎందుకంటావా? చెప్తాను. ఇంటావిడ చీపురు పట్టుకుని మొదటి నెలే చెప్పింది కదా. ఇప్పుడు ఏ మొహంతో ఒప్పుకోవాలి? నానమ్మ గోడ మీద ఇరవై నాలుగు అబద్ధాలు వరసగా అంటించి ఉన్నాయి. వంకర పట్టడంలో తనకి సాటి లేదన్నవాడు రెండేళ్ళు వంకర ఫోటోలు పంపాడని బాబాయికి తెలిస్తే, తలుపు బిరుదు ఎవరికొస్తుంది? ఇవన్నీ ఆలోచించి ఒక తెలివైన పని చేశాడు. తప్పు సరిదిద్దేస్తే చాలు కదా, చెప్పడమెందుకు అనుకున్నాడు. రింగు మార్చాక పాత బంతుల సంగతి ఎవరడుగుతారు?

తర్వాతి ఆదివారం టేపులు మార్చాడు. ఎర్ర టేపు మధ్యకి, పసుపు టేపు చివరకి. "వెలుతురు బాగా పడుతుందని" అన్నాడు. పెద్దది మధ్యలో నిలబడింది. వీడు చివర. నొక్కాడు.

పిల్ల కంప్యూటరు దగ్గరకొచ్చింది. చూసింది. చాలాసేపు చూసింది. దాని మొహం అలా వెలగడం రెండేళ్ళ తర్వాత అదే మొదలు. పోయిన నెల తలుపు, ఈ నెల మల్లెతీగ! పెదవి కదిలింది. గొంతు రాలేదు గానీ అతను విన్నాడు.

"పనిచేసింది."

"ఏం పనిచేసింది తల్లీ?"

"ఏం లేదు నాన్నా."

అతనికి తెలుసు. ఏం పనిచేసిందని ఆ పిల్ల అనుకుందో అతనికి ఆ క్షణంలోనే తెలుసు. వదిలేసిన సగం కంచాలు పనిచేశాయనుకుంది. పనిచేసింది టేపు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చాలు. బీరువా మీద డబ్బా ఉంది, చేయి చాపితే అందుతుంది.

సాయంత్రం ఫోన్. "ఇప్పుడు దిద్దినట్టుందిరా పెద్దది! ఏం చేశారేం?" నానమ్మ. "తలుపు కాస్తా కిటికీ అయింది!" బాబాయి. "చిన్నోడు మాత్రం పుష్టిగా అయ్యాడు సుమా." ఆ, నిన్నేరా. నువ్వు ఎర్ర టేపు చోటికెళ్ళావు కదా.

అతను ఏమన్నాడో తెలుసా? "అవునమ్మా" అన్నాడు. పిల్ల పక్కనే నిలబడి వింటోంది. "అవునమ్మా, బాగా తగ్గింది" అన్నాడు.

ఆ రోజు నుంచి తినే సగం కంచం కాస్తా పావు అయింది. తర్వాత ఆ పావు కూడా నీళ్ళయింది. పనిచేసిన పనిని ఎవరు మానతారు చెప్పండి?

మీకు అక్క కడుపులో పుండు లేచిందని చెప్పాం. అయిదు వారాలు ఆసుపత్రిలో ఉంది, గుర్తుందా చిన్నోడా? గాజు తలుపు అవతల నుంచి చేయి ఊపేవాడివి. పుండు లేదు, ఏమీ లేదు. స్కూలు మెట్ల మీద పడిపోయింది. డాక్టరు ఎత్తి తూకం వేస్తే పదహారేళ్ళ పిల్ల పదేళ్ళ పిల్ల బరువుంది. నర్సు దాన్ని వెనక్కి తిప్పి నిలబెట్టి తూచేది, అంకె కనపడకుండా. అంకె కనిపిస్తే అది ఎక్కువని ఏడ్చేది.

ఒక రోజు డాక్టరు తల్లిదండ్రులిద్దర్నీ కూర్చోబెట్టాడు. చిన్న గది. తలుపు వేశాడు. "ఇది ఎప్పుడు మొదలైంది? ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారా? మీరు ఏది చెప్పినా మాకు పనికొస్తుంది. అమ్మాయికి పనికొస్తుంది" అన్నాడు. మంచివాడు. గొంతు తగ్గించి అడిగాడు.

ఆ తండ్రి టేబులు అంచు పట్టుకున్నాడు. చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"లేదండీ. మేమంతా బాగానే చూసుకుంటాం."

అన్నది నేనే.

అతను కాదు. నేనే అన్నాను. మీ అమ్మ పక్కనే ఉంది. నా వైపు చూసింది. తలుపు జోకుల సంగతి తను చెప్పబోయింది, నేను మోచేత్తో ఆపాను. అవును, ఆపాను. బంతుల సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు. నాలుగింటికి వచ్చాక ఆవిడకీ చెప్తాను. ఈసారి చీపురు మూలకి కొట్టదేమో, నాకే కొడుతుందేమో. కొట్టనీ.

ఆ తర్వాత ఈ ఇంట్లో ఫోటో తీయలేదు. టేపులు పీకేశాను, మరకలు పోలేదు. అక్క తేరుకుంది, మెల్లగా. డాక్టర్లు గట్టెక్కించారు, మీ అమ్మ గట్టెక్కించింది. నేను మందులు తెచ్చాను, పళ్ళు తెచ్చాను, బస్సు పాసు తెచ్చాను. తేవాల్సింది మాత్రం బీరువా మీద నుంచి దించలేదు. పద్దెనిమిది నిండగానే ఆరు గంటల దూరంలో చదువుకని వెళ్ళిపోయింది. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. కంచం తీసుకుని గోడ వైపు తిరిగి తింటుంది. ఎవరైనా ఫోన్ ఎత్తి పట్టుకుంటే చాలు, గిన్నెలు కడిగే మిషతో వంటమూలకి పోతుంది. మీరు అక్కకి సిగ్గెక్కువ అనుకుంటారు.

ఇప్పటికీ దానికి తెలిసిందొకటే. తిన్న రోజుల్లో తలుపులా ఉండేదాన్ని, మానేశాక మనిషినయ్యాను అని. దానికి రుజువులున్నాయి మరి! నెలనెలా తీసినవి, అదే గోడ, అదే దూరం. అంత జాగ్రత్తగా తీసిన రుజువుని ఎవరు కాదనగలరు?

నేను చెప్పలేకపోయానా? చెప్పబోయాను. రెండుసార్లు ఫోన్ చేశాను. "బాగున్నా నాన్నా" అని పెట్టేసింది. ఒకసారి మెసేజు రాశాను, "అది కెమెరా తప్పు" అని. చదివితే నాకే నవ్వొచ్చింది. కెమెరా ఏం చేసింది పాపం? చెరిపేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిపాను. ఈ ఆరడుగుల గదిలో అటూ ఇటూ తిరగడమే సరిపోయింది. ఎటు తిరిగినా నాలుగడుగులకి గోడ.

నిన్న నువ్వు ఫోటో చూసి పాలు వద్దనకపోతే ఇప్పటికీ చెప్పేవాణ్ణి కాదేమో. అది కూడా నిజమే. నన్ను మంచివాడనుకోవద్దు.

అందుకని అక్కకి మీరు చెప్పాలి. మీరు ఎత్తితే గంటసేపు మాట్లాడుతుంది. బుజ్జీ, నేను నీకు చెప్పినట్టే చెప్పు. నువ్వు చూసినట్టే చూపించు, ఇప్పుడు తీశావు కదా, ఆ ఫోటో పంపించు. చిన్నోడా, నువ్వు ఎర్ర టేపు చోట నిలబడ్డ తర్వాత ఎలా పుష్టిగా అయ్యావో చెప్పు. నీ మాటకి నవ్వుతుంది. నవ్వాక అసలుది చెప్పు.

నాకు తెలుసురా. పెద్దవాణ్ణి, నేను మోయాల్సింది మీ నెత్తిన పెడుతున్నాను. ఇంతకంటే ధైర్యం ఉండి ఉంటే...

అదిగో. మోగింది. ఇంకా అయిదు నిమిషాలుంది కదా, ముందే చేసిందేం?

ఎత్తు. స్పీకర్లో పెట్టు. వద్దు, పెట్టకు, ఆ స్పీకరు దానికి పడదు. బుజ్జీ, నువ్వు తీసుకో. తిన్నావా అని మాత్రం అడక్కు. బంతుల సంగతి చెప్పు. చివరి బంతి గుడ్డయిందని, చేత్తో పట్టుకుంటే గుండ్రంగానే ఉందని చెప్పు. అక్కా, ఫోటోలో నిన్ను మార్చింది నాన్న జరిపిన టేపు, నువ్వు మానేసిన తిండి కాదు అని చెప్పు. తెలిసే చెప్పలేదని కూడా చెప్పు, ఆ ముక్క మింగొద్దు.

నాన్నేడీ అని అడిగితే, ఇక్కడే ఉన్నాడని చెప్పు. బీరువాకి ఆనుకుని. ఇక వెనక్కి జరగడానికి చోటు లేదని చెప్పు.